వేషం చూసి వర్గం చెప్పడం

మన అభ్యుదయ కథల్లో భూస్వామిని పోల్చుకోవడం చాలా సులువు. మొదటి పేరాలోనే ఆయన జరీ కండువాతో, వేళ్లనిండా ఉంగరాలతో, కిర్రుచెప్పులతో వాకిట్లోకి వస్తాడు. రెండో పేరాలో పాలేరు చిరుగుపాతలతో చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇక మూడో పేరా చదవనక్కర లేదు. ఎవడు ఎవణ్ణి ఏం చేయబోతున్నాడో బట్టలే చెప్పేశాయి.

ఇలాంటి కథలు రాసే మిత్రుల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. వాళ్ల పక్షమే నా పక్షం. అయితే పక్షం సరైనదైతే పద్ధతి కూడా సరైనదే అవుతుందనే అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది. బట్టలు చూసి మనిషి ఆస్తిని లెక్కకట్టవచ్చుననే నమ్మకం ద్వారం దగ్గర నిలబడే బంట్రోతుకు పనికి వస్తుంది, పెళ్లిళ్ల పేరయ్యకు పనికి వస్తుంది. సమాజాన్ని అర్థం చేసుకుని ఇతరులకు అర్థం చేయించే బాధ్యత నెత్తిన వేసుకున్న రచయితకు అది చాలదు.

ఈ విషయంలో మనకు పాఠం చెప్పడానికి పరాయి దేశం పోనక్కర లేదు. “కన్యాశుల్కం” ఉంది. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా కొత్త రూపం పొందిన ఆ నాటకాన్ని మనం ఎన్నిసార్లు చదివినా ఒక సంగతి అంతగా పట్టించుకోలేదనుకుంటాను. అందులో డబ్బు ఉన్నవాడు లుబ్ధావధాన్లు. ఆయన డబ్బు ఒంటిమీద కనబడదు. కనబడితే ఖర్చయిపోతుందని ఆయన భయం. డబ్బు లేనివాడు గిరీశం. అతను మధురవాణితో కలిసి ఫోటో తీయించుకున్నవాడు, చుట్ట కాల్చడాన్ని నాగరికత కింద జమకట్టినవాడు. తెర లేవడమే ఆలస్యం, ఫోటో తీసినవాడి మనిషి బాకీకి వస్తాడు. ఇంకోవైపు పూటకూళ్లమ్మ తన డబ్బు కోసం వెతుక్కుంటూ వస్తుంది. గిరీశం షోకు మొత్తం ఇతరుల డబ్బు. ఆ మాట గురజాడ తన నోటితో అనడు. బాకీవాళ్లను ఒకరి వెనక ఒకర్ని రంగం మీదికి పంపుతాడు.

అగ్రహారానికి పోయాక గిరీశం షోకు పద్ధతి మారుస్తాడు. అక్కడ ఫోటోలు చెల్లవు, ఇంగ్లీషు చెల్లుతుంది. వెంకటేశంతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడి చూపిస్తే తల్లి మురిసిపోతుంది. మొదట మండిపడ్డ అగ్నిహోత్రావధాన్లు కూడా, కోర్టు కాగితాలకు ఈ కుర్రవాడు పనికి వస్తాడని తోచగానే చల్లబడతాడు. అంటే ఇంగ్లీషు కూడా ఒక కోటే. దాన్ని తొడుక్కున్నవాడి జేబులో ఏమీ లేదని అగ్రహారానికి తెలియదు.

నాటకం నడక కూడా వేషాల మీదే. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు అమ్మేస్తాడు. చివరి అంకంలో మధురవాణి మగవేషంతో సౌజన్యారావు పంతులు ఇంటికి పోతుంది. ఇన్ని వేషాల మధ్య ఎవరి చేతిలో ఎవరి డబ్బు ఉంది, ఎవరు ఎవర్ని అమ్ముతున్నారు అనే లెక్క మాత్రం గురజాడ ఒక్కచోట కూడా తప్పలేదు. ఆ లెక్క పట్టుకోవడమే వాస్తవికత. జరీ అంచు వెడల్పు వర్ణించడం కాదు.

మధురవాణి కంటె సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. పెళ్లిలో పెట్టడానికి రామప్ప పంతులు తెచ్చిన కంటె పెళ్లికూతురితోపాటు మాయమవుతుంది. ఎరువు నగతో వచ్చే తంటా ఇక్కడ హాస్యానికి పనికివచ్చింది. అదే తంటా 1884లో మొపాసా చేతిలో పడి పదేళ్ల చాకిరీ అయింది. “నెక్లెస్” కథ మనవాళ్లు పాఠాలు చెప్పీ చెప్పీ అరగదీశారు. ఆడవాళ్ల ఆడంబరం మీద నీతికథగా మార్చారు. అది అన్యాయం. గుమాస్తా భార్య మటిల్డా, ధనవంతురాలైన స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం ఎరువు తెచ్చుకుని ఒక్క రాత్రి విందుకు పెట్టుకుంటుంది. అది పోతుంది. భార్యాభర్తలు 36,000 ఫ్రాంకులకు అలాంటిదే కొని ఇచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్లు గొడ్డుచాకిరీ చేస్తారు. చివరికి తేలేదేమంటే, పోయిన హారం నకిలీది. మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుంది.

ఈ ముగింపు చూసి అందరూ “అయ్యో” అంటారు. కాని అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ నకిలీ హారాన్ని చూసి మటిల్డా వజ్రాలని ఎందుకు నమ్మింది? అది ధనవంతురాలి పెట్టెలో ఉంది కాబట్టి. అదే గాజు ముక్కలు చాకిరీ మనిషి మెడలో ఉంటే ఎవరూ రెండోసారి చూడరు. నగ ఆస్తిని చెప్పడం లేదు. ఆస్తి నగకు విలువ కట్టిపెడుతున్నది. ఉన్నవాడు గాజు పెట్టుకున్నా వజ్రమే, చిరుగు తొడుక్కున్నా నిరాడంబరతే. ఈనాడు వందల కోట్ల కంపెనీ యజమాని నలిగిన టీషర్టుతో సభకు వస్తే అతని సాదాతనాన్ని పత్రికలు మెచ్చుకుంటాయి. ఇంటింటికీ భోజనం మోసే కుర్రవాడి ఒంటిమీద కూడా టీషర్టే ఉంది. దానిమీద కంపెనీ పేరు ఉంటుంది.

వెబ్లెన్ 1899లోనే ఈ విషయం మీద ఒక అధ్యాయం రాశాడు. మాసిపోని, నలగని బట్ట తొడుక్కున్నవాడు తనకు కాయకష్టం చేయవలసిన అగత్యం లేదని లోకానికి చాటుతున్నాడన్నది అతని వాదన సారాంశం. తెలివైన మాటే. కాని అది చాటింపుకు సంబంధించినది. చాటింపు నిజమో కాదో వేరే విచారించాలి.

ఆ విచారణ చేసినవాడు గోగోల్. 1842లో వచ్చిన “ఓవర్ కోట్” కథలో ఏడాదికి 400 రూబుళ్ల జీతగాడు అకాకీ అకాకియెవిచ్, 80 రూబుళ్ల కోటు కుట్టించుకోవడానికి సాయంకాలం టీ మానేస్తాడు, కొవ్వొత్తి వెలిగించడం మానేస్తాడు, చెప్పులు అరక్కుండా వీధిలో అడుగు మెల్లగా వేస్తాడు. కాలరుకు మంచి బొచ్చు కొనలేక పిల్లి తోలు వేయిస్తాడు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదని సరిపెట్టుకుంటాడు. ఆ కోటు తొడుక్కుని కచేరీకి వెళ్లిన రోజున, అంతదాకా అతన్ని మనిషి కింద లెక్కపెట్టనివాళ్లు విందుకు పిలుస్తారు. కోటు చూసినవాడికి గౌరవం కనబడింది. గోగోల్ పాఠకుడికి మానేసిన టీ, ఆర్పేసిన కొవ్వొత్తి కనబడతాయి.

గుమాస్తాలం, ఉపాధ్యాయులం అయిన మనం ఈ కథను సానుభూతితో చదివి ఊరుకోవడానికి వీల్లేదు. ఇది మన కథే. కూలివాడి చిరుగులు అబద్ధమాడవు. దాచుకోవడానికి వాడికి రెండో గుడ్డ ఉండదు. కోటీశ్వరుడు తన ఇష్టం వచ్చినట్టు కనబడవచ్చు. ఎటూ కాక, తప్పనిసరిగా వేషం వేయవలసినవాడు మధ్యతరగతి మనిషి. ఇస్త్రీ లేనిదే అతనికి ఉద్యోగం నిలవదు. ఒకసారి ఒక కళాశాలలో ఫీజు రాయితీ కోరే విద్యార్థులను పరీక్షించే సంఘంలో నేనూ కూర్చున్నాను. మడత నలగని తెల్లచొక్కాతో ఒక కుర్రవాడు వచ్చాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అర్జీ పక్కన పెట్టారు. అతనికున్న ఒక్క చొక్కా అదేననీ, రాత్రి ఉతికి దిండు కింద పెట్టుకుని పొద్దున తొడుక్కుంటాడనీ ఆ తర్వాత తెలిసింది. అప్పటికి జాబితా గోడకెక్కింది. ఆ రోజు నేను నోరు మెదపలేదు. ఈ వ్యాసంలో నేను ఎవరిమీద విసుక్కుంటున్నానో వాళ్లలో నేనూ ఉన్నాను.

మార్క్స్ “పెట్టుబడి” మొదటి సంపుటంలో 20 గజాల నారబట్టనూ ఒక కోటునూ పక్కపక్కన పెట్టి విలువ అంటే ఏమిటో విప్పి చెప్పాడు. ఆ గ్రంథం 1867లో వచ్చింది. అంతకు పదిహేనేళ్ల ముందు, 1852 ఫిబ్రవరిలో, ఆయన ఎంగెల్స్‌కు రాసిన ఉత్తరంలో కోట్లు తాకట్టులో ఉన్నందున ఇల్లు కదలలేకపోతున్నానని చెప్పుకున్నాడు. కోటు విలువను లోకానికి చెప్పిన మనిషికి దాని ధర వడ్డీకొట్టు దగ్గర తెలిసింది.

మన దేశానికి వస్తే చిక్కు ఇంకోటి ఉంది. ఇక్కడ గుడ్డ డబ్బుకన్నా ముందు కులాన్ని చెప్పవలసి వచ్చింది, అదీ ఆజ్ఞ ప్రకారం. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ముమీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలపాటు దెబ్బలు తిన్నారు. 1859లో రాజు ఉత్తరువు ఇచ్చినప్పుడు కూడా, పైకులాల స్త్రీల పద్ధతిలో కప్పుకోకూడదనే షరతు పెట్టాడు. కొనుక్కునే శక్తి ఉందా లేదా అనేది అక్కడ ప్రశ్నే కాదు.

ఇది మరిచిపోవడం వల్లనే మన విమర్శకులు కొందరు నిరాడంబరతను ఒకే తూకంతో తూస్తారు. గాంధీ 1921లో మదురైలో కొల్లాయి కట్టాడు. పేదవాడి గుడ్డను తాను ఎంచుకున్నాడు. దానికి శక్తి ఉంది, కాదనను. అంబేడ్కర్ సూటు వేసుకున్నాడు. దాన్ని దొరల అనుకరణ అన్నవాళ్లు ఒక్క విషయం ఆలోచించలేదు. ఎంచుకోవడానికి ముందు ఎంచుకునే హక్కు ఉండాలి. తరతరాలుగా ఫలానా గుడ్డే కట్టాలని శాసించబడ్డవాడు పూర్తి సూటు తొడుక్కుంటే అది ఆడంబరం కాదు. ఆయన ఒంటిమీద కోటు ఉందని వర్గం తేల్చేసే కథకుడికీ, తెల్లచొక్కా చూసి అర్జీ పక్కన పెట్టిన మా సంఘానికీ తేడా ఏముంది?

మరి బట్టలు వర్ణించవద్దా అని మిత్రులు అడగవచ్చు. వర్ణించండి. కాని ఆ బట్ట ఎవరు నేశారో, ఎవరి అప్పుమీద కొన్నారో, ఎవరు ఉతికారో, ఏ తాకట్టునుంచి విడిపించుకుని ఈ పూటకు తొడుక్కున్నారో కూడా కథలోకి రానివ్వండి. గోగోల్ కథలో దర్జీ పెత్రోవిచ్ ఉన్నాడు. కోటు అందించాక కూడా అతను ఇంటికి పోడు. వీధిలో నిలబడి చాలాసేపు వెనకనుంచి దాన్ని చూస్తాడు. అదీ చాలక పక్కసందులోంచి పరుగెత్తి, ముందుకు వచ్చి, ఎదురుగా ఇంకోసారి చూస్తాడు. కుట్టినందుకు అతనికి దక్కినది 12 రూబుళ్లు. అకాకీ కోటు బాగుచేయించుకుందామని మొదటిసారి మెట్లెక్కి వెళ్లినప్పుడు అతను బల్లమీద వట్టికాళ్లతో కూర్చుని ఉన్నాడు.