రంగు వెనుక లెక్క

భిలాయి ఉక్కు పట్టణం పక్కనే చరోదా ఉంది. అక్కడ పెద్ద రైల్వే యార్డు ఉంది. బతుకుతెరువు కోసం వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో! ఆ ఇళ్లలోని విద్యార్థికి ఒక సందేహం: ‘ఈ సాయంత్రం మైదానంలో పరుగెత్తవచ్చా?’ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్ తెరిస్తే, భిలాయి గాలి గురించి ఒక సంఖ్య, ఒక రంగు కనిపిస్తాయి.

ఇది 2015లో మన దేశంలో ప్రారంభమైన వాయు నాణ్యతా సూచీ. ఎనిమిది కాలుష్యకారకాల వివరాలను పట్టికలుగా ఇస్తే చదివే ఓపిక ఎందరికి ఉంటుంది? వాటిని 0 నుంచి 500 వరకు, ఆరు రంగుల్లో చూపడం మెచ్చుకోదగ్గ పనే. అయితే ఆ రంగు కొంత దాచేస్తుంది కూడా.

ఉదాహరణకి సూచీ 150 అనుకుందాం. రంగు పసుపు, తరగతి ‘మధ్యస్థం’. ప్రతి కాలుష్యకారకానికీ ఒక ఉపసూచీ కట్టి, వాటిలో అతి పెద్దదాన్నే ఆ కేంద్రం సూచీగా తీసుకుంటారు. ఒకచోట ఉపసూచీలు 150, 40, 30. మరోచోట 150, 148, 145. రెండుచోట్లా సూచీ 150 మాత్రమే!

నగరం మొత్తానికి ఇచ్చే రోజువారీ సూచీ అక్కడి కేంద్రాల సగటు. ఒక కేంద్రంలో 80, మరో కేంద్రంలో 220 వస్తే సగటు మళ్లీ 150. మొదటిచోట గాలి ‘సంతృప్తికరం’, రెండోచోట ‘బాగాలేదు’. ‘మధ్యస్థం’ అన్న గాలి ఏ కేంద్రంలోనూ లేదు! 220 ఉన్నచోట చదువుకునే ఉబ్బసం పిల్లవాడికి ఆ పసుపు రంగు ఎంత ప్రమాదం!

పైగా ధూళికణాలకు తీసుకునేది 24 గంటల సగటు. ఇప్పుడే కమ్ముకున్న పొగ అందులో పలచబడిపోతుంది.

2006లో స్వీడన్ శాస్త్రవేత్త హాన్స్ రోస్లింగ్ తెరమీద కదిలే వృత్తాలతో ప్రపంచ గణాంకాలను చూపారు. ఆఫ్రికా సగటు దగ్గరే ఆగక, దాన్ని దేశాలుగా, దేశాలను ఆదాయవర్గాలుగా విడదీశారు. సగటును విప్పి చూసే వీలే ఇలాంటి సాధనాల అసలు బలం. కాబట్టి నగర సగటు ఎక్కడ ఇచ్చినా, దాని పక్కనే అతి తక్కువ, అతి ఎక్కువ కేంద్రాల సంఖ్యలూ కనిపించాలి.

మనమూ రంగు చూసి ఆగిపోకూడదు. కొలిచే యంత్రం మన ఇంటికి ఎంత దూరంలో ఉంది? ఏ కాలుష్యకారకం వల్ల ఈ సంఖ్య వచ్చింది? ఎన్ని గంటల సగటు? ఈ మూడూ అడిగాకే మైదానానికి బయలుదేరుదాం.