గాజు సీసాలో కొలత

రాయచూరులో 1871లోనే బొంబాయి వైపు రైలు, మద్రాసు వైపు రైలు కలిశాయి. అదే నిజాం సీమలోని లింగసుగూరు, సింధనూరు మాత్రం రైలుకు దూరంగానే ఉండిపోయాయి. అలాంటి ఊళ్లకు మొదట్లో పెట్రోలు సీలు వేసిన టిన్నుల్లోనే చేరాలి. మూత కోసి, గరాటు పెట్టి పోసేలోపు ఒలికేది కొంత, ఆవిరయ్యేది కొంత. ఆ నష్టానికి విరుగుడే చేతిపంపు బంకు. దానికి కరెంటు అక్కర్లేదు, మనిషి జబ్బ సత్తువ చాలు.

దాన్ని కిందినుంచి చూసుకుంటూ రావాలి. ట్యాంకు భూమిలో ఉంటుంది. నిప్పు భయం ఒక్కటే కాదు కారణం. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే పెట్రోలు దాదాపు వెయ్యో వంతు ఉబ్బుతుంది. ఎండ నలభై డిగ్రీలు దాటే సీమలో చల్లటి మట్టే దానికి మేలైన గోదాం. ట్యాంకులోకి దిగిన గొట్టం అడుగున, పైకి మాత్రమే తెరుచుకునే చిన్న కవాటం ఉంటుంది. పైకెక్కిన ఇంధనాన్ని అది తిరిగి జారనివ్వదు. పక్కనున్న మీట ముందుకూ వెనక్కూ ఊపితే పిస్టన్ పెట్రోలును తోడుతుంది. నిలువెత్తు స్తంభం పైన, గ్యాలన్ల గీతలున్న గాజు సీసా నిండుతుంది.

అసలు తెలివి ఆ సీసా లోపల ఉంది. నిలబెట్టిన సన్నని గొట్టం మూతి సరిగ్గా పై గీత దగ్గర ఆగుతుంది. మీట ఎంత ఊపినా, గీత దాటిన చుక్క ఆ గొట్టంలో పడి ట్యాంకుకే పోతుంది. అంటే కొలత పట్టేది పంపు కొట్టేవాడి చెయ్యి కాదు, ఆ గొట్టం ఎత్తు. తర్వాత కింది కవాటం తిప్పితే పెట్రోలు తన బరువుకే రబ్బరు గొట్టంలోకి దిగుతుంది. సీసా పైన గాలి రంధ్రం లేకపోతే ధార నిలిచిపోతుంది. చివర్లో గొట్టాన్ని పైకెత్తి, అందులో మిగిలినదీ బండిలోకి వంచుతారు. ఆ వంపు మరిచాడా, గిరాకీకి నష్టమే. కొలతలో యంత్రం మనిషికి వదిలేసిన పని బహుశా ఇదొక్కటే.

1953లో తుంగభద్ర ఆనకట్ట వచ్చింది. ఈ సీమలో దాని ఎడమ కాలువ వెంట కోస్తా రైతులు క్యాంపులు వేసుకున్నారు. ట్రాక్టర్లు పెరిగి డీజిలుకు గిరాకీ వచ్చింది. సీసా పోయి ముల్లు తిరిగే మీటరు వచ్చింది, 4.546 లీటర్ల గ్యాలను పోయి లీటరు వచ్చింది. ఇప్పుడు అంకెలు వెలుగుతాయి, ఇంధనం కనపడదు. అనుమానమొస్తే ఐదు లీటర్ల ముద్ర పాత్ర తెప్పించి కొలిపించుకోవచ్చు, అడిగితేనే.