మీట నొక్కినచో ఎవరికి చేరవలెను?

వెబ్ పుటలో ఒక చిన్న చతురస్రమున్నది. అందులో ఒక ఆట నడచుచున్నది. ఆ చతురస్రము బ్రౌజరుది కాదు. ప్లగిన్ అను వేరొక ప్రోగ్రాముది. చూచువాడు మౌసు నొక్కును, కీబోర్డుపై మీట నొక్కును. ఆ నొక్కు బ్రౌజరుకు చెందవలెనా, ప్లగినుకు చెందవలెనా? ప్రశ్న చిన్నదిగనే కనబడును. కాని రెండు దశాబ్దములు ప్రపంచమంతట వాడుకలోనున్న ఒక ఏర్పాటు దీనికి సరియైన సమాధానము చెప్పలేకపోయెను.

ఆ ఏర్పాటు పేరు ఎన్‌పీఏపీఐ. నెట్‌స్కేప్ సంస్థ 1995లో తన నావిగేటర్ రెండవ రూపము కొరకు దీనిని సిద్ధపరచెను. ఫ్లాష్, జావా, క్విక్‌టైమ్ మొదలగునవి పెక్కు బ్రౌజర్లలో దీని ద్వారానే పనిచేసినవి. క్రోమ్ 2015లో దీనిని విడిచెను. 2017లో ఫైర్‌ఫాక్స్, ఒక్క ఫ్లాష్‌ను మినహాయించి, తక్కినవానిని త్రోసివేసెను. ఫ్లాష్‌కు అడోబి సంస్థ ఇచ్చిన మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసెను. పోయినదానిని ఇపుడు విమర్శించుట ఏలయని విద్యార్థులు అడుగవచ్చును. ఏర్పాటు పోయినది గాని, రెండు ప్రోగ్రాములు ఒకే కీబోర్డును పంచుకొను సమస్య పోలేదు.

ఎన్‌పీఏపీఐలో రెండు పద్ధతులుండెను. మొదటి పద్ధతిలో ప్లగినుకు సొంత విండో నిచ్చెడివారు. మీట నొక్కినపుడు ఆపరేటింగ్ సిస్టము ఆ సందేశమును ఏ విండోపై ఫోకస్ ఉన్నదో దానికే పంపును. ఇంటిలో ఒక గదిని అద్దెకిచ్చి, దానికి వీధివైపున వేరుగ గుమ్మము పెట్టినట్లాయెను. తపాలా బంట్రోతు ఉత్తరమును తిన్నగా అద్దెవానికే ఇచ్చిపోవును. ఇంటి యజమానికి ఉత్తరము వచ్చిన సంగతియే తెలియదు. అందుచేత ఫ్లాష్ చతురస్రముపై ఒకసారి మౌసు నొక్కిన పిదప కంట్రోల్, టి మీటలు కలిపి నొక్కినను కొత్త ట్యాబు తెరచుకొనెడిది కాదు. ఈ ఫిర్యాదు మొజిల్లా వారి దోషపట్టికలో 2001లోనే నమోదైనది. ఏండ్ల తరబడి అది అట్లే నిలిచియుండెను.

మౌసు చేతనున్నవానికి ఇది కొంచెము చికాకు మాత్రమే. చతురస్రము వెలుపల ఒకసారి నొక్కిన సరిపోవును. చూపులేనివారి మాట, చేతివ్రేళ్ళు స్వాధీనములో లేనివారి మాట వేరు. వారు ట్యాబ్ మీట నొక్కుచు పుటలో ఒక్కొక్క అంశమునే దాటిపోవుదురు. అట్లు చతురస్రములో ప్రవేశించినవారు మరల వెలికి రాలేకపోయెడివారు. 2008లో వెలువడిన డబ్ల్యుసిఏజి 2.0 అను ప్రమాణము ఇట్టి బోనును నిషేధించి, ఆ నిషేధమును కనీస స్థాయి షరతులలోనే చేర్చినది. నిర్మాతలు దీనిని సౌకర్యమునకు సంబంధించిన లోపముగా భావించిరి. నా దృష్టిలో ఇది ప్రవేశమునకు సంబంధించిన లోపము.

రెండవ పద్ధతిలో ప్లగినుకు విండో లేదు. సందేశము మొదట బ్రౌజరుకు వచ్చును. బ్రౌజరు ప్లగినులోని హ్యాండిల్ ఈవెంట్ అను ఫంక్షనును పిలిచి దానిని అందించును. వాడుకొన్నచో ప్లగిన్ అవునని, లేనిచో కాదని బదులు చెప్పవలెను. ఆలోచన మంచిదే. కాని సందేశ రూపము విండోస్‌లో ఒకటి, ఎక్స్ విండోలో ఒకటి, మాకింటోష్‌లో మరియొకటి. ఒకే పనిని మూడు విధములుగ వ్రాయవలసి వచ్చెను.

అంతకు మించిన చిక్కు మరొకటి కలదు. మీట వేరు, అక్షరము వేరు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుపై మనము "క్ష" అని మూడు నొక్కులతో వ్రాయవచ్చును: క, పొల్లు, ష. జపానీయులకైనచో మధ్యలో పదములను సూచించు వేరొక సహాయక ప్రోగ్రాము కూడ నుండును. ఏ మీట నొక్కబడినదో మాత్రమే తెలిసిన ప్లగినుకు ఏ అక్షరము వచ్చినదో ఎట్లు తెలియును? మాకింటోష్ కొరకు తరువాత చేర్చిన కోకో నమూనా దీనిని గుర్తించినది. అందులో మీట సంఘటన వేరు, పాఠ్య సంఘటన వేరు. అంతేగాక అవును, కాదు అను రెండు బదుళ్ళకు తోడు "సహాయక ప్రోగ్రామును ప్రారంభింపుము" అను మూడవ బదులును కలదు. ఈ ఏర్పాటు మొత్తములో నాకు మెచ్చదగినదిగా తోచిన భాగము ఇదియే. అది ఒక్క మాకింటోష్‌కే పరిమితమగుట విచారకరము.

మౌసు విషయములో మోసమునకే తావు కలిగినది. 2008లో రాబర్ట్ హాన్సెన్, జెరమయా గ్రాస్‌మన్ అనువారు క్లిక్‌జాకింగ్ అను పేరుతో ఒక ప్రమాదమును లోకమునకు తెలిపిరి. కనబడు బొత్తాము ఒకటి. నొక్కు చేరునది దానిపై పారదర్శకముగ పరచిన వేరొక బొత్తామునకు. ఈ విధముగ ఫ్లాష్‌లో కెమెరాకు అనుమతి ఇప్పించుట సాధ్యమయ్యెను. ఇచట సందేశము చేరవలసిన చిరునామాకే చేరినది. తప్పినది నొక్కినవాని ఉద్దేశము.

గూగుల్ వారి పెప్పర్ అను తరువాతి ఏర్పాటు కొంత మెరుగు. తనకు ఏ తరగతి సంఘటనలు కావలెనో, తాను వాడనివానిని తిరిగి ఇచ్చునో లేదో ప్లగిన్ ముందే చెప్పవలెను. తిరిగి ఇచ్చునని చెప్పినచో బ్రౌజరు దాని బదులు కొరకు వేచియుండును, కొంత ఆలస్యమగును. ఆ మూల్యము చెల్లింపదగినదే.

నేడు క్రోమ్ సాధారణ ట్యాబులో కంట్రోల్-టి, కంట్రోల్-డబ్ల్యు వంటి కొన్నిటిని బ్రౌజరే తనకై ఉంచుకొనును. పుట వానిని అడ్డలేదు. ట్యాబ్ మీటను మాత్రము ఏ పుటయైనను, నాలుగు పంక్తుల జావాస్క్రిప్టుతో, ఇప్పటికిని మ్రింగివేయగలదు.