పటంలో మునగని పోడు

మా అన్నయ్య కూతురు ఈ వారం పంపిన గోదావరి వరద పటంలో భద్రాచలం పేరు ముక్కలై ఉంది. దకారం మీద పొల్లు, పక్కన విడిగా రకారం, దానికి దూరంగా దీర్ఘం. ఎవరి గడపకు నీళ్లొస్తాయో వాళ్లు చదువుకునేలా పటాలు తెలుగులో ఉండాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోరానో మీకు తెలుసు. అందుకే చూడగానే మనసు చివుక్కుమంది.

ఆ అమ్మాయి ఎం.టెక్ ప్రాజెక్టు కోసం భద్రాచలం, సారపాక, బూర్గంపాడు చుట్టుపక్కల ముంపును పైథాన్ స్క్రిప్టులతో బొమ్మ కట్టిస్తోంది. పేర్లుండే పటాలు మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో, నేల ఎత్తుపల్లాల బొమ్మలు పారావ్యూలో. ఫాంట్లు మార్చిందట, కంప్యూటరూ మార్చిందట. చెడింది ఎక్కడో దొరకాలంటే ముందు దాన్ని చిన్నది చెయ్యాలన్నది నా పాత పట్టు. నదిని, ఊళ్లను, రంగులను తీసేయించి, తెల్లకాగితం మీద ఒక్క పేరు మాత్రం రాయించాను. అప్పుడూ అలాగే విరిగింది. ఫాంటులో అక్షరాలు లేకపోతే ఖాళీ డబ్బాలు వస్తాయి. ఇక్కడ అక్షరాలు వచ్చాయి, వత్తు కలవలేదు. అంటే లోపం ఫాంటుది కాదు, అక్షరాలను కూర్చే దశది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ల తరబడి ఒక్కో గుర్తునూ వరసగా పేర్చుకుంటూ పోయిందే తప్ప మన వత్తులను కూర్చలేదు. పటాలు గీసే మరో సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఆ ఇబ్బంది లేదు. ఈ కూర్పు చిన్న పనేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో ముడిపడిన ఒక కూర్పు దెబ్బకు ఐఫోన్లలో యాప్‌లే కుప్పకూలాయి. పటాలన్నీ క్యూజీఐఎస్‌లో మళ్లీ గీయమని చెప్పబోతుండగా ఇంకో ఫిర్యాదు వచ్చింది.

‘బాబాయ్, పారావ్యూలో నీళ్లే కనిపించడం లేదు.’

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ 53 అడుగులనే స్క్రిప్టులో పెట్టింది. నీలిరంగు రాలేదు. వెలుతురు మార్చింది, పారదర్శకత మార్చింది, కెమెరా తిప్పింది. నేల పొరను కాసేపు తీసేసి చూడమన్నాను. తీయగానే అడుగున నీలిపొర ప్రత్యక్షమైంది. 53 అడుగులంటే సుమారు 16 మీటర్లు. స్క్రిప్టు దాన్ని సముద్రమట్టం నుంచి లెక్కేసింది. భద్రాచలం నేలే సముద్రమట్టానికి సుమారు 50 మీటర్ల ఎత్తున ఉంటుంది. నది గేజి మీది అడుగులు గేజి సున్నా నుంచి మొదలవుతాయి. ఆ సున్నా ఎత్తు కలిపాక నీళ్లు నేలపైకి వచ్చాయి. సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ నీళ్లు గీస్తూనే ఉంది, భూమి కింద.

తరవాత 2022 వరద మట్టానికి కట్టిన బొమ్మ ఎంతో బాగుంది. స్క్రిప్టు ఎక్కడా ఆగలేదు, ఎర్రక్షరాల హెచ్చరిక ఒక్కటీ లేదు. నేను మాత్రం 2022 జులై దగ్గర ఆగిపోయాను. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 తరవాత అంతటి వరద అదే. గోదావరి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వరద తీసిన వారం బూర్గంపాడు వైపు వెళ్తే గోడల మీద బురద గీత నా తలకంటే పైన ఉంది. వాగు వెంట అడవి అంచుకు నడిచాను. గోదావరి ఎదురుతన్నడంతో వాగు నీళ్లు వెనక్కి మళ్లి పోడు చేలల్లోకి ఎలా ఎక్కాయో అక్కడి కోయ రైతు ఒకాయన చేయి చాపి చూపించాడు. ఏ చెట్టు ఏ కొమ్మ దాకా మునిగిందో ఆయనకు గుర్తుంది. 71.3 అడుగులకు కట్టిన ఈ బొమ్మలో ఆ చేలు పొడిగా ఉన్నాయి.

కారణం బొమ్మలో లేదు, నేల లెక్కలో ఉంది. ఆమె వాడిన ఎత్తులు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్షనౌక రాడార్‌తో కొలిచినవి. 30 మీటర్లకు ఒక గడి. ఆ రాడార్ దట్టమైన అడవిలో నేలదాకా పూర్తిగా దిగదు. ఆకుకు, నేలకు మధ్య ఎక్కడో తగిలి తిరిగొచ్చిన ఎత్తే నేలగా నమోదవుతుంది. ఫిబ్రవరి ఆకురాలే కాలం కాబట్టి టేకు కింద కొంత ఎక్కువ దిగి ఉండవచ్చు, అంతే. దాంతో అడవి అంచు గట్టులా లేస్తుంది. నీరు గడి నుంచి గడికి పాకేలా స్క్రిప్టు రాస్తే ఆ గట్టు దగ్గరే ఆగిపోతుంది. 2000 తరవాత చెట్లు కొట్టి దున్నిన చేను ఆ లెక్కలో ఇప్పటికీ అడవే.

చెట్ల ఎత్తు తీసేసిన నేల లెక్కలు లేకపోలేదు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫాబ్‌డెమ్ అలాంటిదే. దాన్ని తెచ్చి పక్కన పెట్టి చూడమన్నాను. అదీ అంచనాయే గనుక కళ్లు మూసుకుని నమ్మవద్దనీ చెప్పాను.

ప్రాజెక్టుకు గడువు దగ్గరపడింది. పేర్లు సరిచేసి పటాలన్నీ మళ్లీ గీయనా, అడవి సంగతి చూడనా అని అడిగింది. పేర్లు ఈ విడతకు ఇంగ్లీషులోనే ఉండనీ అన్నాను. ఈ కాలమ్‌లో నేనింతకాలం రాసినదానికి అది పూర్తిగా ఎదురే, తెలిసే అన్నాను. విరిగిన పేరును చూసి పదేళ్ల పిల్లవాడు కూడా తప్పని చెబుతాడు. పొడిగా కనిపించే పోడు చేనును హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కూర్చున్నవాళ్లు ఎవరూ తప్పు పట్టరు. ఆ గూడేనికి పడవ పంపాలా వద్దా అన్నది ఆ రంగును చూసే తేలుస్తారు.

అడవి కప్పిన గళ్లకు నీలం గాని ఆకుపచ్చ గాని వేయవద్దని చెప్పాను. అక్కడ అడ్డగీతలు కొట్టి ‘నేల ఎత్తు నిర్ధారణ కాలేదు’ అని రాయాలి. ఆ తరవాత డంపీ లెవెల్ తీసుకుని బూర్గంపాడు వెళ్లి, గోడల మీద ఇంకా మిగిలిన 2022 గీతల ఎత్తు కొలుచుకు రావాలి. ఆ రైతు గుర్తుపెట్టుకున్న చెట్టును కూడా.