‘మేఘే ఢాకా తారా’ – కాలనీ బాకీలు

ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన ఈ బెంగాలీ చిత్రాన్ని త్యాగమూర్తి కథగా చూడటం పరిపాటి. మీరు కాసేపు నీతను వదిలి ఆమె వీధిని చూడండి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులు కలకత్తా శివార్లలో ఏర్పరచుకున్న కాలనీ అది. మొదట్లోనే కిరాణా కొట్టతను నీతకు ఇంటి బాకీ గుర్తుచేస్తాడు. తెగిన చెప్పు గురించి విమర్శకులు ఎంతో రాశారు గానీ, ఈ బాకీని ఎక్కువమంది పట్టించుకోరు!

కాలనీలో రోజులు గడిచేది అరువు మీద, ట్యూషన్ల మీద. నీత పెళ్లయితే ఆమె సంపాదన పోతుందని తల్లి భయం. ఆ తల్లిని వట్టి స్వార్థపరురాలిగా కొట్టిపారేయడం అన్యాయం. కొట్టుకు సమాధానం చెప్పాల్సింది ఆమే. ముగింపులో మరో అమ్మాయి చెప్పు తెగుతుంది. ఆ దృశ్యాన్ని బాకీతో కలిపి మళ్లీ చూడండి.