వృక్షం, నమూనా, నగరం: వ్యాకరణ పరిణామంపై ఒక పరిశీలన

భద్రిరాజు కృష్ణమూర్తి 1983లో మోసెస్, డాన్‌ఫోర్త్‌లతో కలిసి గోండి, కొండ, కూయి, కువి, పెంగొ, మండ భాషల సంబంధాన్ని కంప్యూటరుతో పరీక్షించారు. ఆరు భాషలకు సాధ్యమయ్యే 945 ద్విశాఖ వృక్షాలలో అతి తక్కువ స్వతంత్ర ధ్వనిపరిణామాలతో కుదిరేదే గ్రాహ్యమని వారి ప్రమాణం. అయితే వృక్షం వంశాన్ని చెబుతుంది. వ్యాకరణం పుట్టుకను చెప్పదు.

దానికి సైమన్ కర్బీ నమూనాలు పూనుకొన్నాయి. వాటిలో ఒక తరం పలుకులే మరుతరానికి పాఠం. విన్నది కొద్దే కనుక క్రమబద్ధ నియమాలే నిలుస్తాయి. కాని ఆయన నమూనాలలో కొన్నింటిలో వక్త ఒక్కడే, అభ్యాసకుడు ఒక్కడే.

రేవూ ఉక్కు కర్మాగారమూ పలు భాషలను, మాండలికాలను ఒకచోట చేర్చిన విశాఖపట్నానికి ఈ రెండూ చాలవు. కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో కొండభాషను విని, 1969లో దాని వ్యాకరణాన్ని వెలువరించిన తర్వాతే ఈ గణనకు వచ్చారు. నగరభాషకు నమూనా కట్టదలచిన పరిశోధకులకూ ఆ క్రమమే శరణ్యం: ముందు వినికిడి, పిమ్మట గణన.