జలవర్ణములలో సాల్తరెల్లో

ఇటలీదేశపు జానపదనృత్యములలో రోమునగర పరిసరములందలి సాల్తరెల్లో మిక్కిలి చురుకైనది. గంతు వేయుట యను అర్థముగల మాటనుండియే దాని పేరు పుట్టినది. ద్రాక్షపంట యింటికి వచ్చు అక్టోబరుమాసమున రోములోని సామాన్యజనులు నగరప్రాకారముల వెలుపలి తోటలకును, తెస్తాచ్చో మైదానమునకును బండ్లెక్కి పోయి, తిని, త్రాగి, మన కంజీరను బోలిన వాద్యము మ్రోగుచుండగా జంటలుగా నాడుచుండెడివారు. స్త్రీ తన లంగాకు ముందువైపున గట్టుకొన్న గుడ్డ అంచులను చేతులతో బట్టి తప్పించుకొని తిరుగును. పురుషుడు వెంట నంటి గంతులు వేయును.

ఈ దృశ్యమును చిత్రించినవారిలో ప్రసిద్ధుడు బర్తొలొమేయో పినెల్లి (1781–1835). రోములోని త్రస్తేవెరె పేటలో, మట్టిబొమ్మలు చేయువాని యింట బుట్టిన ఇతడు 1809లో ఏబది జానపదవేషముల చిత్రములను సంపుటముగా ప్రకటించెను. ఛాయాచిత్రములు లేని యాకాలమున విదేశయాత్రికులు ఇట్టి పటములను జ్ఞాపికలుగా కొని తీసికొనిపోవుచుండిరి.

నృత్యమును పటమున నిలుపుటకు తైలవర్ణముకంటె జలవర్ణమే తగినదని నా యభిప్రాయము. తైలవర్ణము మెల్లగా నారును. చిత్రకారుడు నేడు దిద్దినదానిని రేపు గీకి మరల దిద్దుచు పోగా, ఎగిరిన కాలు కాస్తా స్తంభమై కూర్చుండును. జలవర్ణమున కట్టి యవకాశము తక్కువ. మన తుమ్మబంకకు జ్ఞాతియగు జిగురుతో నూరిన రంగు నీట కరిగి కాగితముపై పరచుకొన్నంతనే దాని గతి చాలవరకు నిర్ణీతమగును. అందువలన చిత్రకారుడు మొదట పెన్సిలుతో లీలగా రూపరేఖలు గీచి, గోధుమవన్నె సిరాతో వానిని స్థిరపఱచి, పలుచని పూతను విశాలముగా వేసి, అది యారిన పిదప నీడలుండవలసిన తావులందు మాత్రమే రెండవపూతను, మూడవపూతను చేర్చును. దూరపు కొండలకు తడికాగితముమీదనే రంగు నద్ది అంచులను కలిసిపోనిచ్చును. తిరుగుచున్న లంగా మడతలకు మాత్రము పొడికాగితముమీద కుంచె నొక్క యూపున లాగును. తెల్లరంగు నంతగా తాకడు. రవికచేతులపై ఎండ, పల్లెపడుచు తలపై మడిచి వేసికొన్న తెల్లగుడ్డ, ఇవన్నియు రంగంటని కాగితమే.

ఇంతటి పనికి నోర్చు కాగితమును ఇటలీవారు ఏనాడో సాధించియుండిరి. 13వ శతాబ్దినుండి పేరుగన్న ఫాబ్రియానో పట్టణమున, జంతువుల చర్మాదులనుండి తీసిన జిగురులో కాగితమును ముంచి యారవేయు పద్ధతి వృద్ధిపొందెను. అట్టి కాగితముపై తడి వెంటనే లోనికింకక, కొంతతడవు పైననే నిలిచి, కుంచె చెప్పినట్లు వినును.

పినెల్లి పల్లెవారికి ప్రాచీనరోమను శిల్పముల కండలను తగిలించినాడను ఆక్షేపణ యున్నది. ముఖముల విషయమున అది నిజమే; పాలరాతి దేవతలవలె నవి యొక్కతీరుననే యుండును. పాదములు మాత్రమట్లు కావు: నేల నంటినది బరువెఱిగి యంటును, లేచినది లేచినట్లే యుండును. నేల విడిచిన మడమకును దాని నీడకును నడుమ ఒక సన్నని తెల్లచీలికను విడిచిన చాలును, గంతు ఎంత యెత్తున నున్నదో కంటికి తెలిసిపోవును. ఇట్టి చిత్రమెప్పుడైన ఎదుటబడినచో, పాఠకులు వేషములను, ముఖములను తరువాత చూతురుగాక, ముందుగా ఆ చీలికను వెదుకుడు.